ఎర్రటోపీ మొహం

మనిషిని పైనుంచి చూస్తే ముందు కనపడేది నడినెత్తి. తర్వాత భుజాలు. నడుస్తుంటే బూటు ముక్కులు ఒకటి విడిచి ఒకటి ముందుకు రావడం. మొహం కనపడదు. ఎవరైనా తలెత్తితే కనపడాలి. తలెత్తినవాడు ఎండకి కళ్ళు చికిలించి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. అప్పుడూ సగమే.

నేను ఉద్యోగమంతా టవర్ క్రేన్ మీద చేశాను. పెద్ద భవనాలు కట్టేచోట నిటారుగా నిలబడి, పొడుగాటి చెయ్యి చాపుకుని ఉంటుందే, ఆ యంత్రం. దాని మెడ దగ్గర చిన్న అద్దాల గది ఉంటుంది. అందులో కూర్చుని ఇనుము, ఇటుకలు, కాంక్రీటు తొట్లు కింద నుంచి ఎత్తి, కావలసిన అంతస్తులో దించడం నా పని. కాళ్ళ కింద కూడా అద్దమే. పొద్దున్నే అందరికన్నా ముందు నిచ్చెన ఎక్కేవాణ్ణి. సాయంత్రం అందరూ వెళ్ళాక దిగేవాణ్ణి. భోజనం క్యారేజీ పైకే తెచ్చుకునేవాణ్ణి, ఒకసారి దిగి ఎక్కితే తిన్నది అక్కడే అరిగిపోతుంది. కింద పనివాళ్ళు నన్ను ‘పైవాడు’ అనేవాళ్ళు. “ఇనుమెప్పుడొస్తుంది మేస్త్రీ?” అని ఎవరైనా అడిగితే, “పైవాడి దయ” అనేవాడు మేస్త్రీ, మెడ వెనక్కి వాల్చి నావైపు చూస్తూ.

కింద నిలబడి నాకు చేతులతో దారి చెప్పే మనిషిని సిగ్నల్‌మాన్ అంటారు. పైనున్నవాడికి లోడు కింద ఏముందో సరిగా తెలియదు. ఎంత ఎత్తాలో, ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో అతని చేతులే చెప్పాలి. చెయ్యి పైకెత్తి వేలు గుండ్రంగా తిప్పితే ఎత్తమని. చెయ్యి కిందికి చాపి వేలు తిప్పితే దించమని. రెండు చేతులూ చాచి బిగబడితే, ఉన్నచోటే ఉంచమని. తిరిగే వేలికి రెండో అరచెయ్యి కదలకుండా అడ్డం పెడితే, ఏం చేసినా మెల్లగా చెయ్యమని. వాకీటాకీలు ఇచ్చారు గానీ వాటిలో గురగుర తప్ప ఏమీ వినపడేది కాదు.

నాకు ఎక్కువ కాలం దారి చెప్పినవాడు ఎర్ర హెల్మెట్ పెట్టుకునేవాడు. సైటంతా పసుపు హెల్మెట్లు, అతనిదొక్కటే ఎరుపు, నాకు విడిగా కనపడాలని. అందరూ ఎర్రటోపీ అనేవాళ్ళు. ఆ హెల్మెట్‌కి కుడిపక్క సొట్ట ఎక్కడుందో నాకు తెలుసు. మధ్యాహ్నం అతని నీడ ఎంత పొట్టిగా ఉంటుందో తెలుసు. తుమ్మబోయే ముందు ఎడమచెయ్యి నడుముకి ఆనించుకుంటాడని కూడా తెలుసు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే, చూసినవన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదుట నిలబడడం మొదలుపెట్టాయి. మా ఆవిడతో చెబుదామంటే మాట పెగలదు. పగలంతా ఎవరితోనూ మాట్లాడని ఉద్యోగం, నోరు దానికే అలవాటు పడిపోయింది. “గోడ గడియారం నయం, గంటకోసారైనా పలుకుతుంది” అనేది మా ఆవిడ. అందుకని కాగితాలు తెచ్చుకుని, వంటింటి కిటికీ పక్కన బల్ల వేసుకుని రాయడం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక ఆపబుద్ధి కాలేదు. కాగితాల కట్ట పప్పుల డబ్బాల పక్కకి చేరింది, తర్వాత డబ్బాలను పక్కకి నెట్టింది.

“ఇంతమంది జనాన్ని నా వంటింట్లో కాపురం పెట్టిస్తే నేనెక్కడ నిలబడాలి?” అంది మా ఆవిడ. “తీసుకెళ్ళి ఎవరికైనా చూపించు.”

చూపించాను. పుస్తకాలు అచ్చువేసే ఒకావిడ ఉంది. మందుల దుకాణం పైన ఆవిడ ఆఫీసు. గదినిండా కాగితపు బేళ్ళు, మధ్యలో మనిషి పట్టేంత దారి. నేను వెళ్ళేసరికి ఆవిడ బల్ల మీద అన్నీ ఎత్తి చూస్తూ కళ్ళజోడు కోసం వెతుకుతోంది. అది ఆవిడ నెత్తిమీదే ఉంది. నాకు ముందు కనపడేది నెత్తే కదా, చెప్పాను. కట్ట తీసుకుని, కొన్నాళ్ళాగి రమ్మంది.

మళ్ళీ వెళితే కూర్చోమని టీ తెప్పించింది. టీ తెప్పించగానే నాకు భయం వేసింది. సైటులో ఇంజినీరు టీ తాగమన్నాడంటే ఏదో పడగొట్టి మళ్ళీ కట్టాలని.

“బాబాయ్ గారూ, మీ కథల్లో ఎవరికీ ముక్కు లేదు” అంది.

నాకు అర్థం కాలేదు.

“ఇదిగో, ఇక్కడ ఒకమ్మాయి ఇసుక కుప్ప వెనక కూర్చుని ఏడుస్తోంది. ఏడుస్తోందని మీకెలా తెలిసింది?”

“భుజాలు కదులుతున్నాయి.”

“అదే. కన్నీళ్ళు లేవు. భుజాలే. ఇక్కడ ఇద్దరు దెబ్బలాడుకున్నారు. రెండు హెల్మెట్లు దగ్గరకొచ్చాయి, దూరం జరిగాయి. అంతే. ఈయనకి కోపం వచ్చిందని బూటుతో కంకర తన్నడం వల్ల తెలిసింది.” కళ్ళజోడు మళ్ళీ నెత్తిమీదికి తోసింది. “రాత బాగుంది. మొదటి కథ చదువుతుంటే నేనూ ఆ అద్దాల గదిలో కూర్చున్నట్టే అనిపించింది. నాలుగో కథకి వచ్చేసరికి కిందికి దిగాలనిపించింది. నిచ్చెన ఎక్కడుందో మీరు చూపించలేదు.”

నేను టీ తాగాను. అన్నీ నిజాలే.

“ఈ ఎర్రటోపీ కథ ఉంది చూశారా, పుస్తకం నిలబడితే దీని మీదే నిలబడాలి. ఇంత గొప్ప మనిషి రేపు బస్సులో నా పక్కన కూర్చుంటే నేను గుర్తుపట్టగలనా?”

“హెల్మెట్ పెట్టుకుంటే...” అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత కట్ట నా ముందుకు జరిపింది. “ఈ కథని నేల మీదికి తెండి. తెస్తే పుస్తకం వేస్తాను. లేదంటే వెయ్యను. మొహమాటానికి వేస్తే మీకూ మంచిది కాదు, నాకూ కాదు.”

ఎర్రటోపీ కథ ఇదీ. ఒక భవనం పై అంతస్తులో స్లాబు పోస్తున్నారు. నేను కొక్కేనికి పెద్ద ఇనుప పలకలు వేలాడదీసుకుని ఆ స్లాబు మీదుగా అవతలికి దాటిస్తున్నాను. ఉన్నట్టుండి గాలి లేచింది. పలకలకి గాలి అందితే తెరచాపలా అవుతాయి. లోడు ఊగడం మొదలుపెట్టింది. కిందివాళ్ళంతా తలో దిక్కు పరిగెత్తారు. పైనుంచి చూస్తే పసుపు గింజలు చెల్లాచెదురైనట్టు. మధ్యలో ఎర్రగింజ ఒక్కటి కదల్లేదు. సరిగ్గా ఆ పలకల కిందే. రెండు చేతులూ చాచి, బిగబట్టి, ఆపు, అలాగే ఉంచు అని. తర్వాత ఒక చెయ్యి తీసి, లోడు ఎటు ఊగుతుందో క్రేన్ చేతిని అటే నడపమని చూపించాడు. అతను చూపించినట్టు నడిపాను. ఊగడం తగ్గింది. అప్పుడు లోడుని తన మీంచి అవతలికి తిప్పించి, వేలు తిప్పుతూ, అరచెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా దించమన్నాడు. దించాను. అంతసేపూ అతను ఒక్క అడుగు జరగలేదు. ఉద్యోగమంతా నేను చూసిన వాటిల్లో అంతటిది మరొకటి లేదు. పైనుంచి మొత్తం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ పుస్తకం రాకపోతే కొంపలేమీ మునగవు. కానీ అది నాతోనే పోతుంది.

సరే, మొహమే కదా అని ఇంటికొచ్చి కూర్చున్నాను. అతని మొహం గుర్తు రాలేదు. గేటు దగ్గర ఎప్పుడో ఒకటిరెండుసార్లు ఎదురుపడే ఉంటాం. ముక్కుకి గుడ్డ కట్టుకుని, కనుబొమల దాకా సిమెంటు పట్టి, అందరూ ఒకేలా ఉండేవాళ్ళు. కళ్ళు మూసుకుంటే సొట్ట కనపడుతోంది, చేతులు కనపడుతున్నాయి, వాటి మధ్య ఖాళీ. ఆ ఖాళీలో నేనే ఒక మొహం పెట్టాను. మంచి మొహమే పెట్టాను.

మా ఆవిడ చదివింది. చదువుతూ చదువుతూ కాగితం దూరంగా పట్టుకుంది.

“కోటేరు ముక్కు. కోరమీసం. చింతనిప్పుల్లాంటి కళ్ళు. ఎవరయ్యా ఈయన? సినిమా పోస్టరు మీంచి దిగాడా?”

“ఎర్రటోపీ.”

“నువ్వు చూశావా ఆ కళ్ళు?”

“లేదు.”

“మరి?”

ఆవిడ కాగితాలు సర్ది బల్ల మీద పెట్టింది.

“నా గురించి రాసినచోటా ఇంతే. మన వీధి చివర భవనం కట్టినప్పుడు పైనుంచి మన డాబా కనపడేదని రాశావు. బాగానే ఉంది. పాపిట ఉంది, తడిజుట్టు ఉంది, ఆరేసిన దుప్పటి ఉంది. నేను లేను. ఎదురుగా కూర్చోబెట్టి ఇన్నేళ్ళు భోజనం పెట్టాను కదా, ఒక్కసారైనా తలెత్తలేదా?”

కొట్టినట్టు అడగలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది.

“అక్కడ మనిషి బతికే ఉండగా ఇక్కడ బొమ్మ గీస్తావేంటి? వెళ్ళి చూసి రా” అంది.

మేస్త్రీకి ఫోన్ చేశాను. “పైవాడే ఫోన్ చేశాడు, నా టైము దగ్గరపడిందా ఏంటి?” అని కాసేపు ఆటపట్టించి, ఎర్రటోపీ ఉండే వీధి చెప్పాడు. “ఒక్కమాట, గట్టిగా మాట్లాడాలి సుమా” అన్నాడు. ఎందుకో చెప్పకుండానే పెట్టేశాడు.

బస్సు దిగి చాలా దూరం నడవాలి. సన్నటి సందు. ఇటు మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు చాపితే అటువాళ్ళ మెట్లకి తగులుతాయి. ఒకింటి కింద గదిలో దర్జీ మిషను కుడుతున్నాడు. పైన ఒకావిడ బట్టలు పిండుతోంది, ఆ నీళ్ళు పడే చోటు తెలిసినవాళ్ళు పక్కకి తప్పుకుని పోతున్నారు, తెలియక నేను తడిశాను. దర్జీ ఎదురింటి మెట్టు మీద ఒకాయన వంగి, విరిగిన కుర్చీకి ప్లాస్టిక్ తీగ అల్లుతున్నాడు. అలవాటు కొద్దీ నాకు ముందు నడినెత్తే కనపడింది. హెల్మెట్ లేదు. జుట్టూ లేదు. కానీ తీగ లాగుతున్న చేతులు చూడగానే నా కుడిచెయ్యి దానంతటదే లివరు పట్టుకున్నట్టు ముడుచుకుంది.

ఆయన తలెత్తాడు. నన్ను గుర్తుపట్టలేదు.

“ఎవరు కావాలి?” అన్నాడు, సందంతా వినపడేలా.

చెయ్యి పైకెత్తి వేలు గుండ్రంగా తిప్పాను. ఎత్తు, అని.

తీగ చేతిలోంచి జారింది. “పైవాడా!” అని అరిచాడు. దర్జీ ఉలిక్కిపడి బయటికి చూశాడు. “ఒసేయ్, పైవాడొచ్చాడే! దిగొచ్చాడు!”

లోపలినుంచి ఆయన భార్య కంగారుగా వచ్చింది. “ఏం మాటలవి పొద్దున్నే! రండి అన్నయ్యా, కూర్చోండి. చెవులు పోయాయి ఈయనకి, ఆ సైటు గోలకి. ఎడం చెవి పూర్తిగా పోయింది. కుడిది కేకేస్తే పలుకుతుంది. చెవికి మిషను పెట్టుకోమంటే, అందరూ నన్ను తిట్టేది ఆ మిషనులో వినాలా అంటాడు.”

“నీ మొహం చూపిస్తే ఎలా గుర్తుపడతాను?” అన్నాడు ఎర్రటోపీ. “బూటు అరికాళ్ళు చూపించు, ఇట్టే చెబుతాను. ఎడంకాలు మడమ దగ్గర అరిగి ఉండేది. ఔనా? అద్దంలోంచి రోజూ అదే కదా నాకు దర్శనం.”

నేను ఎడమ చెప్పు తిప్పి చూపించాను. ఇప్పటికీ అక్కడే అరిగి ఉంది. చప్పట్లు కొట్టాడు.

చెల్లెమ్మ టీ తెచ్చింది. వచ్చిన పని చెప్పాను. మొదటిసారి చెబితే “ఆఁ?” అన్నాడు. రెండోసారీ “ఆఁ?” అన్నాడు. మూడోసారి కేకేశాను. “నీ మీద కథ రాశాను బావా!”

“నా మీదా? అప్పు కూడా ఎవరూ నా మీద రాసుకోరు, కథ రాశావా? చదువు. నా కళ్ళకి అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయి. నువ్వే చదువు.”

కాగితాలు తీశాను. ఉద్యోగమంతా నోరు మూసుకుని బతికినవాణ్ణి, సందు మధ్యలో మెట్టు మీద కూర్చుని నా రాత నేనే కేకలుపెట్టి చదవాల్సి వచ్చింది. మొదటి వాక్యం సగంలోనే ఊపిరి అయిపోయింది. అంత పొడుగు వాక్యం అరవడానికి పనికిరాదు. దాన్ని అక్కడే విరగ్గొట్టి, రెండు ముక్కలుగా అరిచాను. అరవలేని మాటలు వాటంతటవే రాలిపోయాయి. కోరమీసం దగ్గరికి వచ్చేసరికి తలెత్తి ఆయన మొహం చూశాను. మీసమే లేదు. బోసి పైపెదవి, దాని మీద టీ తడి. ఆ పేరా మొత్తం దాటేశాను.

రెండో పేజీకి దర్జీ మిషను ఆపి గుమ్మం బయటికొచ్చాడు. పైనావిడ పిండిన గుడ్డ చేతిలోనే పట్టుకుని గోడకి ఆనుకుంది. ఎవరో సైకిలు దిగి స్టాండు వేశారు.

“గాలి లేచింది!” అని అరిచాను.

“ఎక్కడ?” అన్నాడు అప్పుడే సందులోకి వచ్చిన ఒకాయన.

“కథలో! నోర్ముయ్!” అంది పైనావిడ.

చదువుతూ మధ్యమధ్యలో ఆయన్ని చూస్తున్నాను. బావకి కింది పెదవి కొంచెం ముందుకు ఉంది. వింటున్నప్పుడు అది ఇంకా ముందుకొస్తుంది. కుడి చెవి నావైపు పెట్టడానికి మెడ వాల్చడంతో ఒక కన్ను పైకి, ఒకటి కిందికి అయ్యాయి. కనుబొమల మధ్య గీత కాదు, గుంట ఉంది, ఎండలోకి చూసి చూసి పడ్డది. నా వల్ల పడిందే అది. అన్నేళ్ళు నావైపు చూసి పడ్డది. పలకలు ఊగే చోట ఆయన చేతులు ఒళ్ళో ఉన్నవి ఉన్నట్టే లేచాయి. నేను చదువుతున్న దానికన్నా ఒక్క క్షణం ముందే నడుస్తున్నాయి. ‘ఒక్క అడుగు జరగలేదు’ అని చదివి ఆపాను.

దర్జీ, “కుర్చీలు అల్లుకుంటూ మా ఎదురుగా కూర్చున్న మనిషేనా!” అన్నాడు. సైకిలాయన దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. “పుస్తకంలో వస్తుందా ఇది? మనవరాలు చదువుకుంటుంది” అంది చెల్లెమ్మ, కొంగుతో కళ్ళు అద్దుకుంటూ.

ఎర్రటోపీ మాత్రం కుర్చీ తీగ చేతిలోకి తీసుకుని మళ్ళీ వదిలేశాడు. అందరినీ ఒకసారి చూశాడు. నా భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవిలో గుసగుసగా చెప్పాడు. పాపం, గుసగుస అని ఆయన అనుకున్నాడు. వినపడని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. సందు చివర దాకా వినపడింది.

“పైవాడా, ఎవరికీ చెప్పకు. ఆ రోజు నేను నిలబడలేదు. ఇరుక్కుపోయాను.”

పైనావిడ గోడ మీంచి ఇంకా కిందికి వంగింది.

“స్లాబుకి ఇనుప చువ్వల జాలీ కట్టారు కదా. వెనక్కి అడుగేస్తే కాలు ఆ గళ్ళలోకి దిగబడింది. బూటు కింద పట్టేసింది. ఎంత లాగినా రాలేదు. అందరూ పరిగెత్తారు, నేనూ పరిగెత్తేవాణ్ణే. తర్వాత కాలైతే వచ్చింది, బూటు రాలేదు. కాంక్రీటు గట్టిపడిపోతోందని మేస్త్రీ దానిమీదే పోయించేశాడు. నా బూటు ఇప్పటికీ ఆ బిల్డింగులోనే ఉంది.”

ముందు నవ్వింది పైనావిడే. చేతిలో గుడ్డ జారి దర్జీ నెత్తిమీద పడింది. దాంతో సందంతా గొల్లుమంది. ఎర్రటోపీ బిత్తరపోయి అటూ ఇటూ చూశాడు. “వీళ్ళెందుకు నవ్వుతున్నారు?”

“బూటు కుక్క ఎత్తుకెళ్ళిందన్నావు!” అని చెల్లెమ్మ కుడి చెవి దగ్గరికి పోయి కేకేసింది. “ఒంటిబూటుతో ఇంటికొచ్చి, కుక్క ఎత్తుకెళ్ళిందన్నావు! నేను ఆ మూలనున్న కుక్కని వారం రోజులు తిట్టాను!”

“వినపడిందా అందరికీ?” అన్నాడు నన్ను చూసి.

తలూపాను.

ఆయన మొహం అప్పుడు చూడాలి. కింది పెదవి లోపలికి పోయింది. బట్టతల దాకా ఎర్రబడింది. “అయితే పాడైపోయింది” అన్నాడు నెమ్మదిగా, నిజంగా నెమ్మదిగా. “బాగా రాశావు. నేను చెడగొట్టాను. నువ్వు రాసిందే ఉంచు పైవాడా. బూటు సంగతి ఈ సందులోనే ఉండిపోతుంది.”

నా కాగితాల కట్ట ఒళ్ళో ఉంది. పైనుంచి చూసినప్పుడు ఆ జాలీ నాకు గళ్ళ కాగితంలా ఉండేది. దాంట్లోకి మనిషి కాలు దిగుతుందని ఎప్పుడూ అనుకోలేదు. నేను చూసింది అబద్ధం కాదు, అడుగు జరగని మాట నిజం. ఎందుకు జరగలేదో పైనుంచి తెలిసేది కాదు. పుస్తకం సంగతి గుర్తొచ్చింది. ఈ కథలో ఇక మిగిలిందేంటి? బూటు ఇరుక్కున్న ఒక మనిషి.

అప్పుడు ఒక సందేహం వచ్చింది. క్రేన్ మీద ఉన్నంతకాలం రాని సందేహం. ఆయన కుడిచెవి దగ్గరికి జరిగి అరిచాను.

“కాలు ఇరుక్కుంటే వంగి బూటు తాడు విప్పుకోవచ్చు కదా బావా! కాలు వచ్చేసేది! ఎందుకు వంగలేదు?”

ఎర్రటోపీ నావైపు చూశాడు. ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు చూశాడు. నుదుటి మీది గుంట పోయింది. కళ్ళు రెండూ ఒకే ఎత్తుకి వచ్చాయి. చిన్నపిల్లవాడి మొహం అయిపోయింది.

“వంగితే నీకు నా చేతులు కనపడవు కదా” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. దర్జీ నెత్తిమీది తడిగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చెల్లెమ్మ ఆయన వెనకే మెట్టు మీద కూర్చుని, చొక్కా భుజం మీది ప్లాస్టిక్ ముక్క తీసి పారేసింది. ఆయనకి మాత్రం తను ఏదో పెద్ద మాట అన్నట్టు తెలియలేదు. కుర్చీని దగ్గరికి లాక్కుని తీగ కొస వెతుక్కుంటున్నాడు.

“అయితే ఏది రాయమంటావు?” అని అరిచాను. “నిలబడ్డావనా, ఇరుక్కున్నావనా?”

కాసేపు ఆలోచించాడు. నోటితో చెప్పలేదు. చెయ్యి కిందికి చాపి వేలు తిప్పాడు. రెండో అరచెయ్యి దానికి అడ్డం పెట్టి, కదలకుండా పట్టుకున్నాడు.

సందులోవాళ్ళకి అర్థం కాలేదు. “ఏమంటాడు?” అంది పైనావిడ. నాకు ఇంకొకరు విడమర్చి చెప్పక్కర్లేదు. దించు అన్నాడు. మెల్లగా.

ఇంటికొచ్చి మొదటినుంచి రాశాను. ఈసారి పొడుగు వాక్యం వచ్చినప్పుడల్లా పెదవులు కదిలించి, కేక వెయ్యగలనా లేదా అని చూసుకున్నాను. వెయ్యలేనిది కొట్టేశాను. గాలి లేచేదాకా పాతదే ఉంచాను, అద్దాల గదిలోంచే. గాలి లేచాక కథ కిందికి దిగింది. చువ్వలు, గళ్ళు, బూటు, వంగని నడుము. కింది పెదవి దగ్గర చాలాసేపు పట్టింది. రాసి, కొట్టి, మళ్ళీ రాసి, చివరికి ఉన్నదున్నట్టు పెట్టాను. మా ఆవిడ చదివి, కాగితం ఈసారి దూరంగా పట్టుకోలేదు. “పాపం, కుక్కని తిట్టిందా ఆవిడ!” అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

అచ్చువేసే ఆవిడ ఫోన్ చేసింది. ఫోన్ దూరంగా పెట్టినా వినపడేంత గట్టిగా మాట్లాడుతుంది ఆవిడ, ఆ రోజు ఇంకా గట్టిగా.

“బాబాయ్ గారూ, నిన్న బస్సులో నా పక్కన కూర్చున్నాయన్ని ఎర్రటోపీయేమో అని దిగేదాకా చూస్తూనే ఉన్నాను. ఆయన భయపడి సీటు మారిపోయాడు. పుస్తకం వేస్తున్నాం. కానీ మిగతా కథల్లో ఇంకా ఎవరికీ ముక్కు లేదు. ఎన్నాళ్ళు పడుతుంది?”

“కనుక్కుంటూ వెళ్ళాలమ్మా. ఇసుక కుప్ప వెనక ఏడ్చిన అమ్మాయి ఎక్కడుందో మేస్త్రీ కనుక్కుంటానన్నాడు. కంకర తన్నినాయన ఊళ్ళోనే ఉన్నాడట.”

“తొందరేం లేదు. మనుషుల్ని చూసే రాయండి.”

ఫోన్ పెట్టి చెప్పుల కోసం చూస్తుంటే మా ఆవిడ స్టవ్ ఆపింది. చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని బల్లకి అటుపక్క కూర్చుంది. కిటికీ వెలుగు సరిగ్గా మొహం మీద పడుతోంది. కూర్చున్నాక కొంచెం సిగ్గుపడినట్టుంది, కుర్చీ అటూ ఇటూ సర్దుకుంది, మళ్ళీ అదే వెలుగులోకి వచ్చింది.

“కంకరాయన రేపటికి ఉంటాడులే” అంది. “ముందు నన్ను రాయి.”

తెల్లకాగితం తీసుకున్నాను. తలెత్తాను.